మామూలు రోజును దాచుకున్న ఊరు

కెనడాలోని ఎడ్మంటన్ నుంచి ఎల్లోహెడ్ హైవే మీద తూర్పుగా అరగంట పైచిలుకు వెళితే, ఎల్క్ ఐలండ్ నేషనల్ పార్కు దాటాక రోడ్డు పక్కనే ఒక పాత పల్లెటూరు కనిపిస్తుంది. దాని పేరు యుక్రేనియన్ కల్చరల్ హెరిటేజ్ విలేజ్. 1892 నుంచి 1930 దాకా ఈ ప్రాంతానికి వలస వచ్చిన యుక్రేనియన్ రైతులు ఎలా బతికారో చూపించే ఆరుబయలు మ్యూజియం అది. ఆల్బెర్టా తూర్పు పల్లెల నుంచి ముప్పైకి పైగా పాత ఇళ్లు, చర్చిలు, దుకాణాలు, పశువుల కొట్టాలు తరలించి తెచ్చి, మళ్లీ ఊరిలా నిలబెట్టారు. అక్కడ పొయ్యిలో నిజంగా నిప్పు ఉంటుంది. కొట్టంలో గుర్రాలుంటాయి. ఆనాటి బట్టలు కట్టుకున్న మనుషులు పిండి పిసుకుతూ, కలుపు తీస్తూ, గుర్రాలకు నాడాలు కొడుతూ కనిపిస్తారు.

నేను కృష్ణా డెల్టాలో పుట్టి, పల్లెటూరి బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. మా అమ్మాయి ఎడ్మంటన్‌లో స్థిరపడ్డాక నేనూ ఇక్కడికే వచ్చేశాను. ఇండియా నుంచి చుట్టాలొచ్చినా, మనవళ్లకు సెలవులిచ్చినా వాళ్లని ఆ ఊరికి తీసుకెళ్లే పని నాది. ఆ ఊరంటే నాకు చాలా ఇష్టం. పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న మన తెలుగు కుటుంబాలకు అక్కడ నేర్చుకోవాల్సింది ఎంతో ఉందని నా నమ్మకం. నాకు తెలిసినంతలో రాస్తున్నాను, ఓపికగా చదవండి.

1. గుమ్మటాల చర్చి తర్వాత, ముందు గుంట ఇల్లు

కారు దిగగానే అందరి కళ్లూ చర్చి గుమ్మటాల మీద పడతాయి. ఫోన్లు పైకి లేస్తాయి. నేను మాత్రం వాళ్లని ముందు బుర్దే దగ్గరికి నడిపిస్తాను. నేలను నడుం లోతున తవ్వి, పైన సన్నపాటి మొద్దులు వాలుగా నిలబెట్టి, గడ్డితో సహా కోసిన మట్టిపెళ్లలు కప్పిన గుడిసె అది. వంగి లోపలికి దిగాలి. పట్టపగలే చీకటి. ఒక మూల మట్టిపొయ్యి, ఇంకో మూల కర్రలతో కట్టిన పడక. వలస వచ్చిన కుటుంబాలు ఎన్నో మొదటి చలికాలం ఇలాంటి గుంటల్లోనే గడిపాయి. కొందరు రెండు మూడేళ్లు కూడా ఉన్నారు.

ఇలాంటి బతుక్కి సముద్రం దాటి ఎందుకొచ్చారని మా వాళ్లు తప్పకుండా అడుగుతారు. వాళ్లు వదిలి వచ్చిన గలీసియా, బుకోవినా అనే ప్రాంతాలు అప్పుడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేవి. 1848లో అక్కడ వెట్టిచాకిరీ రద్దయింది గానీ అడవులు, మేత బీళ్లు దొరల చేతుల్లోనే ఉండిపోయాయి. రైతు పొలం తండ్రి నుంచి కొడుకులకు, కొడుకుల నుంచి మనవళ్లకు పంపకాలై ముక్కలైపోయింది. 1891లో నెబిలివ్ అనే ఊరి నుంచి ఇవాన్ పిలిపివ్, వసిల్ ఎలెన్యాక్ అనే ఇద్దరు కెనడా వచ్చి భూములు చూశారు. 1895లో ఒసిప్ ఒలెస్కివ్ అనే వ్యవసాయ పండితుడు ఇక్కడి ఖాళీ భూముల గురించి చిన్న పుస్తకాలు రాసి పల్లెల్లో పంచిపెట్టించాడు. ఆ తర్వాతి ఏడాది కెనడాలో మంత్రి అయిన క్లిఫర్డ్ సిఫ్టన్, పడమటి మైదానాల్లో సేద్యం చేసేవాళ్లు కావాలని తూర్పు యూరప్ రైతులకు తలుపులు తెరిచాడు. 10 డాలర్ల ఫీజు కడితే 160 ఎకరాలు. మూడేళ్లలో ఇల్లు కట్టి, అక్కడే ఉండి, కొంత నేల సాగులోకి తెస్తే పట్టా చేతికొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి సుమారు 1,70,000 మంది యుక్రేనియన్లు కెనడా చేరారు.

160 ఎకరాలంటే మా డెల్టాలో జమీందారీ లెక్క. రెండెకరాల కమతంతో ఐదుగురు పిల్లల్ని సాకే రైతు చెవిన ఆ మాట పడితే ఓడ ఎక్కకుండా ఎలా ఉంటాడు? ఎక్కాడు. వచ్చాడు. 160 ఎకరాల కాగితం చేతిలో పెట్టుకుని నేల కింద పడుకున్నాడు. ఆ గుంటలో ఒక్క ఐదు నిమిషాలు కూర్చున్న పిల్లలు ఆ తర్వాత చూసే ప్రతి ఇంటినీ వేరే కళ్లతో చూస్తారు. ముందు పెద్ద ఇల్లు చూసి తర్వాత ఇక్కడికొస్తే, అయ్యో పాపం అనుకుని వెళ్లిపోతారు.

2. గోడ దగ్గర ఆగండి

గుంట ఇంటి తర్వాతి మెట్టు మట్టి పూసిన మొద్దుల ఇల్లు. ముఖం దక్షిణానికి, తెల్లగా సున్నం, పైన దళసరి గడ్డి కప్పు. నన్నడిగితే ఊరు మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ సేపు చూడాల్సింది ఆ గోడనే.

ఒక వేసవిలో నేను వెళ్లినప్పుడు గోడ మరమ్మతు జరుగుతోంది. చలికాలపు మంచుకి పెచ్చులూడిన చోట లోపలి మొద్దులు బయటపడ్డాయి. మొద్దుల మీద సన్నటి బద్దలు ఏటవాలుగా కొట్టి ఉన్నాయి, మట్టి జారిపోకుండా. పక్కనే గుంటలో బంకమట్టి, ఇసుక, తరిగిన గడ్డి, పేడ, నీళ్లు. ఇద్దరమ్మాయిలు పావడాలు ఎగ్గట్టి కాళ్లతో తొక్కుతున్నారు. తొక్కిన ముద్దని చేత్తో తీసుకుని బద్దల సందుల్లోకి దిగేట్టు గట్టిగా విసిరి, అరచేత్తో అదుముతున్నారు. మొదటి పూత ఎండి నెర్రెలు విచ్చాక, దాని మీద ఇసుకా పేడా ఎక్కువ కలిపిన పల్చటి పూత. అది ఆరాక సున్నం.

నాకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. మా అమ్మ పండగ ముందు గోడలకు మట్టి మెత్తేటప్పుడు చేసింది ఇదే. ఎర్రమన్ను, ఊక, పేడ నీళ్లు. గోధుమ గడ్డికి బదులు వరిగడ్డి. రెండో పూతకి పేడ ఎందుకు ఎక్కువ వేస్తున్నావని ఒకమ్మాయిని అడిగాను. పచ్చి పేడ కలిస్తే గోడ చీలదు, నునుపు వస్తుంది అంది. అదే మాట, అదే కారణం. గలీసియా రైతుకీ మా అమ్మకీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం ఏ కోశానా లేదు. మట్టి తన గుణాన్ని బట్టి ఇద్దరికీ ఒకే పాఠం చెప్పింది.

మన దగ్గర ఇలాంటి ప్రయత్నాలు లేకపోలేదు. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో కోస్తాంధ్ర చుట్టిల్లు ఉంది, ఇక్కత్ నేసేవాళ్ల ఇల్లు ఉంది. చూడనివాళ్లు ఇండియా వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి. నా కోరిక ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. ఆ చుట్టింటి గోడ మెత్తే చేతులు కూడా అలాగే మిగలాలి. ఇల్లు నిలబెట్టాలంటే డబ్బుంటే చాలు. మట్టి ఎంత మెత్తబడితే పూతకొస్తుందో కాలి కింద తెలుసుకునే మనిషి పోతే, మళ్లీ ఆ మనిషిని ఎక్కడి నుంచి తెస్తాం?

3. కెమెరా పక్కన పెట్టి మాట కలపండి

ఆ ఊళ్లో ఉండేవాళ్లు గైడులు కారు. ఒక్కొక్కరు ఒక్కో మనిషి పాత్రలో ఉంటారు. ఆమె ఆ ఇంటి ఇల్లాలు, అతను స్టేషన్ ఏజెంటు, ఇంకొకాయన పోలీసు. తమ సంవత్సరం దాటాక ఏం జరిగిందో వాళ్లకు తెలియదు. విమానంలో వచ్చామంటే కళ్లు పెద్దవి చేస్తారు. ఆ పాత్రల వెనక చాలా పరిశోధన ఉంది. ఆ ఇళ్లలో బతికిన కుటుంబాల వారసుల్ని కూర్చోబెట్టి అడిగి, ఎవరు ఎక్కడ పడుకునేవారు, ఏ గిన్నె ఎక్కడ ఉండేది అన్నంత వివరంగా రాసుకున్నారు.

మనవాళ్లకు ఈ పద్ధతి కొత్త. సిగ్గుపడి నవ్వి ఊరుకుంటారు, లేకపోతే జీతమెంత ఇస్తారని అడుగుతారు. అలా కాకుండా వాళ్ల బతుకు గురించి అడగాలి. ఈ ఏడు గోధుమ ఎలా ఉందమ్మా? ఆవు ఎన్ని పాలిస్తుంది? మీ అమ్మకు ఉత్తరం రాస్తే ఎన్నాళ్లకు చేరుతుంది? అలాంటి ప్రశ్న ఒక్కటి వేస్తే చాలు, ముందున్న మనిషి వికసిస్తుంది.

మా చిన్న మనవడు ఒక ఇంటి పెరట్లో కలుపు తీస్తున్న ఆవిడని, మీ ఊరి నుంచి ఏం తెచ్చుకున్నారు అని అడిగాడు. ఒక చెక్కపెట్టె, దాన్నిండా బట్టలు, పనిముట్లు, బట్టలో మూటగట్టిన విత్తనాలు అంది. వెల్లుల్లి, గసగసాలు, బీట్‌రూట్, క్యాబేజీ ఉన్న మళ్లు చూపించింది. వీడు ఊరుకోకుండా, మా అమ్మమ్మ కూడా డబ్బాల్లో గోంగూర పెంచుతుంది అన్నాడు. అదేమిటని ఆవిడ నన్నడిగింది. పుల్లటి ఆకు, పప్పులో వేస్తాం, పచ్చడి చేస్తాం అన్నాను. ఆవిడ పారను పక్కన పెట్టి, మాకూ పుల్లటి ఆకుంది, మంచు కరగ్గానే మొదట మొలిచేది అదే, దాంతో పచ్చ బోర్ష్ కాస్తాం, నువ్వు ఉప్పు ముందు వేస్తావా తర్వాతా అని అడిగింది. అక్కడి నుంచి మేమిద్దరం వంటల్లో పడ్డాం. మా అమ్మాయి రెండుసార్లు వచ్చి పిలిచింది.

4. ఒక వంటింట్లో గంటసేపు కూర్చోండి

ఊరంతా చుట్టేయాలనే తొందర వద్దు. ఒకే ఒక్క వంటింటిని ఎంచుకుని అక్కడ కూర్చోండి.

ఆ వంటింటి సగాన్ని పిచ్ అనే మట్టి పొయ్యి ఆక్రమించి ఉంటుంది. వంట దాని మీదే, రొట్టె కాల్చేది దానిలోనే, ఇల్లు వెచ్చబెట్టేదీ అదే. పిల్లలూ ముసలివాళ్లూ దాని పై అరుగు మీద పడుకునేవారు. రొట్టె కాల్చడం చూస్తే పని ఎంతుందో తెలుస్తుంది. పొయ్యి కడుపులో కట్టెలు పేర్చి మంట పెట్టి, గోడలు బాగా కాలే దాకా ఉంచుతారు. తర్వాత నిప్పులు బయటికి లాగి, తడిగుడ్డ కట్టిన కర్రతో లోపలి నేల తుడుస్తారు. చిటికెడు పిండి లోపలికి చల్లుతారు. వెంటనే మాడిపోతే ఇంకా వేడి ఎక్కువుందని అర్థం. మెల్లగా రంగు తిరిగితే రొట్టెల్ని పొడుగాటి చెక్క తెడ్డు మీద పెట్టి లోపలికి జార్చి మూత బిగిస్తారు. పక్కనే ఇంకో పిండి పొంగుతూ ఉంటుంది, గుమ్మంలో పాలు తోడువేసి ఉంటాయి, బయట బట్టలు నానుతూ ఉంటాయి.

ఇప్పుడు ఆ ఇంట్లో మగమనిషి లేడనుకోండి. ఎందుకంటే చాలా ఇళ్లలో నిజంగానే లేడు. పట్టా రావాలంటే భూమి సాగు చేయాలి, సాగుకి ఎడ్లు, నాగలి కావాలి, వాటికి డబ్బు కావాలి. ఆ డబ్బు కోసం మగవాళ్లు నెలల తరబడి రైలు పట్టాలు వేసే పనికో, బొగ్గు గనులకో వెళ్లిపోయేవారు. చెట్లు నరకడం, మొదళ్లు పీకడం, రాళ్లు ఏరడం, ఆవుని చూసుకోవడం, చలికాలానికి కట్టెలు కొట్టడం, ప్రసవం, పిల్లలు అన్నీ భార్య మీదే పడేవి. పక్కిల్లు అంటే అర మైలు దూరంలో కనిపించే పొగ.

పట్టా మీద పేరు మాత్రం ఆయనది. ఈ మాట నేను ఆ వంటింట్లో మా ఆడపిల్లలకు పనిగట్టుకుని చెప్తాను. హెచ్-1 వీసాల కాలంలో అమెరికాలో, ఇక్కడా కూడా, భర్త ఉద్యోగం మీద వచ్చి, చదువుకున్న చదువు పెట్టెలో పెట్టుకుని ఇల్లు నిలబెట్టిన మన కోడళ్లు ఎంతమంది! తెలుగు సంఘాల సావనీర్లలో వాళ్ల పేర్లు 'మరియు కుటుంబం' అన్న మాట కింద దాగిపోయాయి.

5. చెట్లున్న నేల ఎందుకు కోరుకున్నారో తెలుసుకోండి

దక్షిణాన చెట్టూ చేమా లేని చదును మైదానాలున్నాయి, నాగలి పెడితే చాలు. యుక్రేనియన్లు వాటిని వదిలి, చెట్లూ గుంటలూ నిండిన ఈ ఉత్తరపు నేలకే వచ్చారు. అధికారులకు అది వింతగా తోచింది. కానీ తమ దేశంలో దొర అడవిలో పుల్ల ఏరితే శిక్ష పడిన మనిషికి కట్టె ఎంత విలువైనదో తెలుసు. ఇల్లు, కంచె, పొయ్యి, బండి అన్నీ కట్టెతోనే. వాగుంటే నీళ్లు, బీడుంటే ఆవుకి మేత. ముందు కుటుంబం బతకాలి, తర్వాత పంట అమ్ముకోవచ్చు. ఆ లెక్క నాకు నచ్చింది.

బెల్లిస్ అనే ఊరి నుంచి తెచ్చిన ఎర్రటి గ్రెయిన్ ఎలివేటర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇంకో సంగతి పిల్లలకు చెప్పండి. ఇక్కడ వేసవి చిన్నది, గోధుమ కోతకి రాకముందే మంచు కొట్టేది. దానికి విరుగుడుగా వచ్చిన వంగడం మార్క్విస్. రెడ్ ఫైఫ్ అనే గోధుమని, ఇండియా నుంచి తెప్పించిన హార్డ్ రెడ్ కల్కత్తా అనే త్వరగా పండే గోధుమతో 1892లో సంకరం చేశారు. చార్ల్స్ సాండర్స్ అనే శాస్త్రవేత్త ఆ సంతతిలోంచి మంచిదాన్ని ఏరి పెంచాడు, 1909 ప్రాంతంలో రైతులకు అందింది. వారం ముందుగా పండేది, ఆ వారమే రైతుని గట్టెక్కించింది. కెనడా పడమటి మైదానాల్లో పదేళ్లలో ఎక్కడ చూసినా అదే గోధుమ. మనుషుల్ని రానివ్వని రోజుల్లో కూడా మన గింజ ఇక్కడికొచ్చి ఈ నేలని సాగులోకి తెచ్చింది. మనుషుల్ని రానివ్వని సంగతి ఎనిమిదో భాగంలో చెప్తాను.

6. బడి దగ్గర భాష సంగతి మాట్లాడండి

ఒకే గది, ఒకే టీచరు, వరసగా బల్లలు, గోడకి రాజుగారి పటం. టీచరుగా నాకు ఆ గదిలో కాళ్లు ఆగిపోతాయి. అక్కడ యుక్రేనియన్ మాట్లాడితే దెబ్బలు తిన్నామని ఆ తరం పిల్లలు పెద్దయ్యాక చెప్పుకున్నారు.

1913లో ఆల్బెర్టా ప్రభుత్వం ఈ ప్రాంతపు బడుల్లోంచి యుక్రేనియన్ టీచర్లను అర్హత లేదంటూ తీసేసి ఇంగ్లీషు టీచర్లను పెట్టింది. తల్లిదండ్రులు ఎదురు తిరిగారు. పిల్లల్ని కొత్త టీచరు దగ్గరికి పంపకుండా తీసేసిన టీచరుతోనే విడిగా బడి పెట్టుకున్న చోట్లున్నాయి. చివరికి ప్రభుత్వమే గెలిచింది. కానీ ఆ పట్టుదల చల్లారలేదు. 1971లో ఆల్బెర్టా తన చట్టాన్ని మార్చి ఇంగ్లీషు, ఫ్రెంచి కాని భాషల్లోనూ బోధించడానికి ఒప్పుకుంది. 1974లో ఎడ్మంటన్‌లో ప్రభుత్వ ఖర్చుతో యుక్రేనియన్-ఇంగ్లీషు ద్విభాషా తరగతులు మొదలయ్యాయి. బడి మానేయించిన తల్లుల మునిమనవళ్లు అదే ప్రభుత్వం జీతమిచ్చే టీచరు దగ్గర తమ భాష చదువుకున్నారు.

శని ఆదివారాల్లో తెలుగు నేర్పే మనబడికి పిల్లల్ని తీసుకెళ్లే తల్లులకు నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను. దాంతో ఆగకండి. స్కూల్ బోర్డు సమావేశాలకు వెళ్లండి, ఎంతమంది పిల్లలుంటే తరగతి ఇస్తారో అడగండి. ఇంట్లో నేర్పే భాష ఇంటితో పోతుంది. బడిలో కుర్చీ వేయించిన భాష మనవళ్ల దాకా ఉంటుంది.

7. మూడు చర్చిలనూ చూడండి

ఒక చిన్న ఊరికి మూడు చర్చిలెందుకు? ఒకటి యుక్రేనియన్ గ్రీక్ క్యాథలిక్కులది, ఒకటి రష్యన్ ఆర్థడాక్సు పద్ధతిది, ఇంకొకటి యుక్రేనియన్ ఆర్థడాక్సులది. ఒకే పల్లె నుంచి వచ్చినవాళ్లు కూడా చర్చి ఎవరి ఆధీనంలో ఉండాలన్న దాని మీద విడిపోయారు. స్టార్ అనే ఊళ్లో చర్చి తగాదా కోర్టులెక్కి, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. ఎడ్ల కోసం గనికెళ్లిన మనుషులు లండన్ లాయర్లకు డబ్బు కట్టారు. మ్యూజియం వాళ్లు ఆ తగాదాని దాచిపెట్టి ఒక్క చర్చితో సరిపెట్టలేదు, అందుకు వాళ్లని మెచ్చుకోవాలి. సంఘాలు చీలడం మనకూ కొత్త కాదు. మన చరిత్ర రాసే రోజున ఆ పేజీలు చింపకుండా రాయాలి.

8. కనిపించనివి కూడా అడగండి

ఈ ఊరు వేసవిలోనే తెరుస్తారు, మే నెల మూడో వారం నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు. మీరు చూసేది ఎప్పుడూ పచ్చగా, పూలతో ఉంటుంది. సున్నాకి నలభై డిగ్రీల కింద ఆ గుంట ఇల్లు ఎలా ఉండేదో టికెట్ కొని చూడలేం. అది మీరు జనవరిలో బస్టాపు దగ్గర నిలబడ్డ రోజు గుర్తు తెచ్చుకుని ఊహించుకోవాలి.

యుద్ధం సంగతి అడగండి. 1914లో ఆస్ట్రియాతో యుద్ధం రాగానే, ఆస్ట్రియా పాలనలోంచి వచ్చి ఇంకా ఇక్కడి పౌరసత్వం రాని ఈ రైతులు శత్రుదేశపు మనుషులైపోయారు. సుమారు 80,000 మంది పేర్లు నమోదు చేయించుకుని, కాగితాలు వెంట పెట్టుకుని తిరగాల్సి వచ్చింది. 8,579 మందిని 24 శిబిరాల్లో నిర్బంధించారు, వాళ్లలో ఎక్కువమంది యుక్రేనియన్లే. మనవాళ్లు ఫొటోలు దిగడానికి వెళ్లే బాన్ఫ్ దగ్గర, క్యాసిల్ మౌంటెన్ కింద ఒక శిబిరం ఉండేది. ఆ పార్కు రోడ్ల పనిలో వాళ్ల చాకిరీ ఉంది. రమ్మని పిలిచిన దేశమే అలా చేసింది.

160 ఎకరాలు 10 డాలర్లకు ఎలా వచ్చాయో కూడా అడగండి. అది క్రీ, ఇంకా ఇతర ఆదివాసీ జాతులు తిరిగిన నేల. 1876లో బ్రిటిష్ రాణి పేరు మీద చేసుకున్న ఆరో ఒడంబడిక కింద వాళ్లని రిజర్వులకు పరిమితం చేశాకే దాన్ని గళ్లుగా కొలిచి పంచారు. ఖాళీ భూమి అన్న మాట మన పిల్లల నోట వస్తే అక్కడే సరిదిద్దాలి.

మన సంగతి ఇక. గలీసియా రైతుకి కెనడా భూమి పంచుతున్న ఆ రోజుల్లోనే, 1908లో, పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా ఒకే ప్రయాణంలో వచ్చినవాళ్లనే రానిస్తామని కెనడా నిబంధన పెట్టింది. ఇండియా నుంచి అలా రావడం కుదరదని తెలిసి పెట్టిందే అది. 1914లో మనవాళ్లతో వచ్చిన కొమగతా మారు ఓడని వాంకూవర్ రేవు నుంచి తిప్పి పంపేశారు. 1967లో పాయింట్ల పద్ధతి వచ్చాకే మనకి దారి సరిగ్గా తెరుచుకుంది. బుర్దే చూసి జాలిపడే మా పిల్లలకు ఈ సంగతి కూడా తెలియాలి. ఆ గుంటలోకైనా అప్పుడు మనకి ప్రవేశం లేదు.

9. 1971 అన్న సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి

ఈ ఊరిని కట్టాలని కొందరు స్వచ్ఛందంగా కూడుకున్నది 1971లో. 1975లో ఆల్బెర్టా ప్రభుత్వం దాన్ని తీసుకుని పెంచింది. అదే 1971 అక్టోబరులో ప్రధాని పియర్ ట్రూడో బహుళ సంస్కృతుల విధానాన్ని పార్లమెంటులో ప్రకటించాడు. ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్లదే కాదు, ఈ దేశం మిగతావాళ్లది కూడా అని సెనేటర్ పాల్ యూజిక్ లాంటి యుక్రేనియన్ నాయకులు ఏళ్ల తరబడి వాదించిన ఫలితం అందులో చాలా ఉంది. మనం ఇవాళ కమ్యూనిటీ హాల్లో ఉగాది పచ్చడి పంచుతున్నామంటే, ఆ వాదన చేసినవాళ్లకు మనం బాకీ.

ఆ ఊరు కట్టడం మొదలుపెట్టేటప్పటికి మొదటి వలస వచ్చి ఎనభై ఏళ్లయింది. గుంట ఇంట్లో పుట్టిన పిల్లలు అప్పటికి ముసలివాళ్లు. వాళ్లని అడగ్గలిగారు కాబట్టే ఏ గిన్నె ఎక్కడ ఉండేదో తెలిసింది. ఇంకో పదిహేనేళ్లు ఆలస్యమైతే ఇళ్లు దొరికేవి, అడగడానికి మనుషులు దొరికేవారు కారు. 1967 తర్వాత డాక్టర్లుగా, ఇంజినీర్లుగా, ప్రొఫెసర్లుగా ఇక్కడికొచ్చిన మన మొదటి తరం ఇప్పుడు ఎనభైల్లో ఉంది. మన గడువు దగ్గరపడింది.

ఏం దాచాలి? నాట్యాలు, నగలు, పట్టుచీరలు దాచేవాళ్లు చాలామంది ఉన్నారు. అవి పోవు. పోయేది మామూలు రోజు. తెలుగు దుకాణం లేని ఊళ్లో ఇడ్లీపిండి ఎలా పులియబెట్టారు, చింతపండు ఎవరు పంపారు, మొదటి చలికోటు ఎక్కడ కొన్నారు, ఇంటికి ఫోన్ చేయడానికి ఆదివారం ఎన్ని గంటలకు లేచేవారు. నీలం ఏరోగ్రాములు, ఫోన్ కార్డులు, నాలుగు కుటుంబాల చేతులు మారిన ప్రెషర్ కుక్కర్, ఇండియన్ ఆయుర్వేద మందుల పక్కనే టైలనాల్ సీసా ఉన్న అలమర ఫొటో. మీ బేస్‌మెంట్లలో ఇవన్నీ ఉన్నాయి. ఇల్లు మారేటప్పుడు పారేస్తున్నారు.

పెద్దవాళ్లని రికార్డు చేసేటప్పుడు మీ జీవితం గురించి చెప్పండి అని అడగకండి. అలా అడిగితే అందరూ చదువు, ఉద్యోగం, పిల్లల పెళ్లిళ్లు చెప్పి ముగిస్తారు. మీరొచ్చిన మొదటి ఏడాది ఒక మంగళవారం పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చెప్పండి అని అడగండి. మధ్యలో ఆపి, పాలు ఎక్కడ కొన్నారు, బస్సులో పక్కన ఎవరు కూర్చున్నారు అని అడగండి. బడిలో పిల్లలతో వ్యాసం రాయించిన అలవాటు కొద్దీ చెప్తున్నాను, చిన్న ప్రశ్నకే పెద్ద జవాబు వస్తుంది.

వచ్చే ఉగాదికి స్టేజీ పక్కన ఒక పొడుగాటి బల్ల వేయమని మా సంఘంవాళ్లని అడిగాను, ఒప్పుకున్నారు. ప్రతి ఇంటి నుంచి ఒక వాడిన వస్తువు, దానికో చీటీ. చీటీ మీద నాలుగు సంగతులు ఉండాలి: ఎవరిది, ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ సంవత్సరం, దాంతో రోజూ ఏం చేసేవారు. నాలుగోది వాడిన మనిషి నోటి నుంచే రావాలి, మీరు ఊహించి రాయకండి. తెలుగు రాయడం రాని పిల్లలు మొహమాటపడొద్దు. మీ తాతనో బామ్మనో మా ఇంటికి తీసుకురండి, వాళ్లు చెప్తుంటే నేను రాసిపెడతాను.